సుగ్గికి పోని తేనెపిట్ట

మొన్న మంగళవారం ఉదయం ఎనిమిదో తరగతికి పువ్వులోని భాగాలు చెబుతున్నాను. చేతిలో సగం కోసిన మందారం ఉంది. ఫోను మోగింది. పాఠం నడుమ ఫోను ఎత్తే అలవాటు నాకు లేదు గానీ, పేరు చూసి ఎత్తాను. "శారదమ్మా, మీ సారు పోయినాడు తల్లీ" అన్నారు రుక్మిణమ్మ గారు. ఒక్క క్షణం నాకు ఏ సారో అర్థం కాలేదు. అర్థం కాలేదంటే, అర్థం చేసుకోవడానికి మనసు ఒప్పుకోలేదు. నాలుగు రోజుల క్రితమే కదా ఈరన్న సారు నాకు ఫోను చేసి, పెరటి దానిమ్మ కొమ్మకు ఆడ తేనెపిట్ట గూటికి మొదటి పోగు చుట్టిందని, ఆదివారం వచ్చి చూసిపొమ్మని చెప్పింది! ఆదివారం నాకు వీలు కాలేదు. ఈ వీలుకాకపోవడం అనేది ఇక నన్ను బతికినంత కాలం వేధిస్తుంది.

ఎమ్మిగనూరు నేతపేటలో పుట్టి, ఆదోని నుంచి కౌతాళం పోయే దారిలోని మా పల్లె ఉన్నత పాఠశాలలో ఇరవై ఏళ్ళకు పైగా ప్రకృతిశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ తర్వాత తిరిగి ఎమ్మిగనూరు చేరి, డెబ్బై ఆరో ఏట నిద్రలోనే కన్నుమూసిన ఈరన్న సారు పేరు పత్రికల్లో ఎన్నడూ రాలేదు. ఆయనకు సన్మానాలు జరగలేదు, జరిపిస్తామన్నా ఆయన సాగనిచ్చేవారు కాదు. అయితే మా పడమటి పల్లెల్లో నలభై దాటినవాళ్ళను ఎవరినైనా ఆపి "తేనెపిట్ట సారు తెలుసా?" అని అడిగి చూడండి. ముందు నవ్వుతారు, తర్వాత కూర్చోబెట్టి కథలు చెబుతారు.

ఆ పేరు మేము పెట్టిందే. సారు పొట్టి. బక్కపలచని మనిషి. ముక్కు కొసన కాస్త కిందికి వంగి ఉండేది. ఒక చోట నిలిచేవారు కాదు, బల్ల మీద నుంచి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర నుంచి బోర్డు దగ్గరికి గెంతుతూ పాఠం చెప్పేవారు. దానికి తోడు ఎప్పుడు చూసినా ఆ పిట్ట గురించే. ఈ బిరుదు ఆయన చెవిన పడింది. కోప్పడతారనుకున్నాం. "నాకంత అందం యాడిదప్పా?" అని మురిసిపోయారు.

బొటనవేలంత పిట్ట మీద ఒక మనిషికి అంత వ్యామోహం ఎందుకని ఇంట్లో ఆయన భార్య రుక్మిణమ్మ గారు కూడా వేళాకోళం చేసేవారు. సారు దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఏనుగును ఎవరైనా చూస్తారు. దీన్ని చూడాలంటే ఆగాల. ఆగడం నేర్పిస్తాంది నాకు." మా బడి ముందర మందారాలు, కంచె పొడవునా జిల్లేళ్ళు, బావి దగ్గర ఒక దానిమ్మ. ఇంతే మా ప్రయోగశాల. ఆ పిట్ట కొడవలిలా వంగిన ముక్కును జిల్లేడు పువ్వులో పెట్టినప్పుడు మమ్మల్ని ఊపిరి బిగబట్టమనేవారు. దాని నాలుక గొట్టంలా చుట్టుకొని ఉంటుందని, ముక్కు కన్నా ముందుకు సాగుతుందని, తేనె పీల్చుతూ పుప్పొడిని నుదుటికి రాసుకొని ఇంకో పువ్వుకు మోస్తుందని మాకు అక్కడే తెలిసింది. మందారం దగ్గర మాత్రం అది దొంగ. ఎదురుగా పోయి తాగే ఓపిక లేక పువ్వు మొదట్లో పొడిచి, అడ్డదారిన తేనె లాగేస్తుంది. "దీనికి పుప్పొడి అంటదు, పువ్వుకు లాభం లేదు. మన హాస్టలు పప్పు మాదిరి, ఒకరికే లాభం" అనేవారు సారు. హాస్టలు వార్డెను ఆయన మిత్రుడే.

పరీక్షలో ఒకసారి ప్రశ్న ఇచ్చారు: మగ తేనెపిట్ట రంగు ఏది? నలుపని రాసినవాళ్ళకు సున్నా పెట్టారు. ఊదా అని రాసినవాళ్ళకూ సున్నా పెట్టారు. తరగతి మొత్తం గగ్గోలు పెట్టింది. సారు మమ్మల్ని బయటికి తీసుకుపోయి కంచె దగ్గర నిలబెట్టారు. పిట్ట నీడలో ఉన్నంతసేపూ బొగ్గులా ఉంది. ఎండలోకి దూకగానే నీలం, ఊదా, ఆకుపచ్చ ఒకదాని వెనక ఒకటి మెరిశాయి. ఆ మెరుపు రంగు పూతది కాదనీ, ఈకల అమరికలో వెలుగు విరిగి పుట్టేదనీ చెప్పి, "మీరు రాసింది తప్పని సున్నా పెట్టలేదు. చూడకుండా రాసినారని పెట్టినాను. చూసింది రాయండి, విన్నది రాయొద్దండి" అన్నారు. ఈ వాక్యం నేను నా పిల్లలకు ఏటా చెబుతాను. చెప్పిన ప్రతిసారీ దాని వెనక ఉన్న ఒక కథ నన్ను సూదిలా గుచ్చుతుంది. ఆ కథకు వస్తాను.

సాలెవారి ఇంట పుట్టినవారు గనుక గూటి విషయంలో సారు చూపే వేరు. వదిలేసిన గూడు ఒకటి తరగతికి తెచ్చి, వాళ్ళ నాయన మగ్గం మీద బట్టను పరీక్షించినట్టు రెండు వేళ్ళతో నలిపి చూసి, "దీంట్లో పడుగు లేదు, పేక లేదు. ఇది నేసింది కాదు, అతికించింది" అన్నారు. ఎండుగడ్డి, బెరడు ముక్కలు, దూది, గొంగళిపురుగుల పెంటికలు, మా ఊరి పత్తిచేల చెత్త, అన్నిటినీ కలిపి పట్టుకున్నది సాలెగూటి పోగొక్కటే. వాకిలి మీద చిన్న చూరు కూడా ఉంది, వాన లోపలికి కొట్టకుండా. కట్టేది ఆడపిట్ట ఒక్కతే. మగది పక్క కొమ్మ మీద కూర్చొని పాట పాడుతుంది. పిల్లలు పుట్టాక మాత్రం అదీ పురుగులు, సాలీళ్ళు పట్టి తెచ్చి నోటికందిస్తుంది. తేనె తాగే జాతే అయినా బిడ్డలను పెంచేది మాంసం మీదే, తేనెతో ఎముక పెరగదని సారు చెప్పేవారు.

ఈ సాలెగూళ్ళ వల్ల సారుకు మెమో వచ్చింది. ఏటా ఫిబ్రవరి నుంచి ఎండాకాలం దాకా బడి వరండా పడమటి మూల బూజు దులపనిచ్చేవారు కాదు. పిట్ట పోగులు తీసుకుపోయేది అక్కడి నుంచే. ఒకనాడు తనిఖీకి వచ్చిన అధికారి బూజు చూసి మండిపడ్డాడు. "ఇది పాఠశాలా, పాడుబడిన కొంపా?" అన్నాడు. సారు చేతులు కట్టుకొని, "ఇటుకల బట్టీ అనుకోండి సార్. ఇల్లు కట్టేవాళ్ళు వచ్చి సరుకు తీసుకుపోతాంటారు" అన్నారు. మెమో చేతికి వచ్చాక ఇంటికి తీసుకుపోయి రుక్మిణమ్మ గారికి చదివి వినిపించారట. ఆమె, "మన ఇంటి బూజు సంగతి కూడా దాంట్లో రాసింటే బాగుండు" అన్నారట.

ఇక ఆ కథ.

మా ప్రాంతానికి సుగ్గి అనే మాట తెలియనివారి కోసం చెబుతున్నాను. వానలు సరిగా పడక, పడినా పంట చేతికి రాక, దీపావళి పోగానే ఇళ్ళకు తాళాలేసుకొని గుంటూరు దిక్కు మిరపకోతలకు పోతాం. అదే సుగ్గి. తిరిగి వచ్చేది ఉగాదికి. ముసలివాళ్ళు తప్ప ఊళ్ళో ఎవరూ మిగలరు. పిల్లలు కూడా టెంపో ఎక్కాల్సిందే. నేను ఆరో తరగతిలో అట్లా నాలుగు నెలలు పోయి, వచ్చేసరికి ఎక్కాలు కూడా మరిచిపోయాను.

సారు గమనించింది ఏమిటంటే, నల్లటి మగపిట్ట కూడా దసరా దాటాక మా బడిలో కనబడదు. శివరాత్రి ముందు మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. మిగిలిన కాలమంతా మందారాల మీద తిరిగేవి పైన మట్టిరంగు, కింద లేత పసుపు ఉన్న పిట్టలే. అవి తల్లీ బిడ్డలని, మగది సుగ్గికి పోయిందని సారు తీర్మానించారు. ఇంకో ఊరి మాస్టారైతే వలస అనో, అడవికి పోయిందనో అనుకునేవారేమో. ఏటా సగం ఖాళీ అయ్యే తరగతిని చూస్తూ కూర్చున్న మనిషికి సుగ్గి తప్ప ఇంకేం తడుతుంది?

ఆ తీర్మానాన్ని పట్టుకొని ఆయన ఇల్లిల్లూ తిరిగారు. నేను ఏడో తరగతిలో ఉండగా మా ఇంటికీ వచ్చారు. అరుగు మీద కూర్చొని మా నాయనతో, "పిట్టకున్న బుద్ధి మనకు లేకపాయనా హనుమంతూ? మగది ఒక్కటే సుగ్గికి పోతాది. తల్లీ బిడ్డలు ఈడనే ఉంటారు. బిడ్డను ఇడిసిపో" అన్నారు. మా నాయన మరునాడు కంచె దగ్గరికి పోయి తన కళ్ళతో చూసి వచ్చాడు. నల్లపిట్ట లేదు. "సారు సెప్పింది నిజమే" అని ఆ యేడు ఒక్కడే టెంపో ఎక్కాడు. అట్లా చాలా ఇళ్ళలో తల్లులు, పిల్లలు ఊళ్ళో నిలిచారు. తరగతులు నిండాయి. నా చదువు నిలబడింది ఆ పాఠం మీద.

మరుసటి యేడు ఆ పాఠాన్ని పడగొట్టింది నేను, నా స్నేహితురాలు ఎస్తేరు.

సారు మోపెడ్ అద్దాలకు ఎప్పుడూ పాత మేజోళ్ళు తొడిగి ఉండేవి. మగపిట్ట అద్దంలో తన నీడను చూసి పగవాడనుకొని ముక్కు పగిలేలా పొడుచుకుంటుందని ఆ ఏర్పాటు. ఆదోనిలో పోలీసులు ఆపి ఇదేంటని అడిగితే, "అద్దం తెరిస్తే గొడవలైతాయి సార్" అని చెప్పి వాళ్ళనూ నవ్వించిన ఘనుడు. అట్లా అద్దం మీదికి వచ్చే ఒక నల్లపిట్టకు ఎడమకాలు వంకర. ఎస్తేరు దానికి కుంటోడు అని పేరు పెట్టింది. దసరా సెలవులయ్యాక చూస్తే కుంటోడి మీద నలుపు మచ్చలు మచ్చలుగా రాలిపోతోంది. "సార్, కుంటోనికి బొల్లి వచ్చినాది" అని పోయి చెప్పాం. రోజులు గడిచేకొద్దీ నలుపంతా పోయి మట్టిరంగు పిట్టే మిగిలింది, గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్లచార తప్ప. సారు మొదట నమ్మలేదు. "అది వేరే పిట్టమ్మా, ఈ యేటి పిల్ల" అన్నారు. ఎస్తేరు ఊరుకోలేదు. "కాలు సూడండి సార్. సూసింది రాయమంటిరి కదా!" అంది.

సారు తన చేత్తో అద్దం మేజోడు తీశారు. గంట సేపు ముగ్గురం మందారం వెనక గొంతుకూర్చున్నాం. చారపిట్ట వచ్చి అద్దాన్ని పట్టుకుంది. ఎడమకాలు వంకరే. సారు అక్కడే మట్టిలో కూలబడ్డారు. తర్వాత ఆదోనిలో ఒక కాలేజీ అధ్యాపకుని దగ్గర పుస్తకం చూసి వచ్చారు. గూడు కట్టే కాలం దాటాక ఈ జాతి మగపిట్ట మెరుపు ఈకలు రాల్చి, ఆడపిట్ట వేషం కట్టుకొని, మళ్ళీ జతకట్టే కాలం దాకా అట్లాగే తిరుగుతుందట. ఎక్కడికీ పోదట.

అప్పటికి దీపావళి వారం రోజుల్లో ఉంది. ఊళ్ళో మూటలు కడుతున్నారు. ప్రధానోపాధ్యాయుల వారు మంచి మనసుతోనే, "ఉగాదికి చెబుదురు లెండి సార్, అంతలో మునిగిపోయేదేముంది?" అన్నారట. సారు అన్న మాట ఆ తర్వాత మా బడిలో అందరి నోటా పడింది: "ఉగాదికి చెబితే నిజం చెప్పినట్టు కాదు సార్. పని అయిపోయినాక చెప్పినట్టు."

తల్లిదండ్రులను పిలిపించి బడి ముందర నిలబడి ఆయన చెప్పారు. "మగపిట్ట సుగ్గికి పోదప్పా. రంగు ఇడిసి ఈడనే ఉంటాది. ఆడపిట్టలని నేను చూపించిన వాటిల్లో అదీ ఒకటి. నేను గుర్తుపట్టలేదు. మీకు తప్పు చెప్పినాను. కనిపెట్టింది ఈ ఇద్దరు బిడ్డలు." మా ఇద్దరికీ తలలెత్తే ధైర్యం లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక ముసలాయన, "పిట్టకు లేని సుగ్గి మాకెందుకు పెట్టినాడు సార్ దేవుడు?" అన్నాడు. ఎస్తేరు నాయన ఏసేపు మర్యాదగానే లేచి, "అట్లయితే ఆలుమగలు బిడ్డలు ఒక్కతాననే ఉండాలని కదా సార్ పిట్ట సెప్పేది. అందరం కలిసే పోతాం లెండి" అన్నాడు. సారు ఆ మాటకు తలూపారు. బిడ్డలను వదిలిపెట్టాలనుకునేవాళ్ళు తన ఇంట్లో వదలండని, తిండికి తనూ రుక్మిణమ్మ ఉన్నామని మాత్రం చెప్పారు.

మా నాయన ఆ సాయంత్రం నన్ను చెయ్యి పట్టుకొని సారు ఇంటికి తీసుకుపోయాడు. దారిలో, వెంట వస్తున్న అమ్మతో అన్నాడు: "తప్పు నాదని సదువుకున్నోడు నోటితో అనంగ నేనింతవరకు ఇనలేదు. ఆయన కాడ ఉండనీ బిడ్డ." ఆ నాలుగు నెలలు, తర్వాతి రెండేళ్ళలోనూ సుగ్గి కాలమంతా, రుక్మిణమ్మ గారి చేతి జొన్నరొట్టె తిని చదువుకున్నాను. నేను ఈ రోజు బల్ల ముందు నిలబడి పాఠం చెబుతున్నానంటే ఆ రొట్టె బలమే.

ఎస్తేరుకు చంకలో తమ్ముడు ఉన్నాడు. ఎత్తుకునేవాళ్ళు కావాలి. వాళ్ళు తీసుకుపోయారు. టెంపో వెనక చెక్క పట్టుకొని నిలబడి, "శారదా, కుంటోడు నల్లగయినంక గుర్తు పెట్టుకోవే" అని అరిచింది. ఉగాదికి వచ్చింది గానీ బడికి రాలేదు. రెండేళ్ళకు పత్తికొండ దిక్కు పెళ్ళి చేశారు. వాళ్ళు సుగ్గికి పోయిన ఆ యేడు మా తరగతిలో సగం బల్లలు ఖాళీ. సారు హాజరు పిలుస్తూ ఎస్తేరు పేరు దగ్గర ఆగేవారు. ఆ పేరు కొట్టేయమని ప్రధానోపాధ్యాయులు చెప్పినా యేడాది చివరి దాకా కొట్టేయలేదు. నేను ఆ కాలు చూడకపోయి ఉంటే ఏమయ్యేదని ఒకసారి ఏడుస్తూ సారును అడిగాను. "నువ్వు చూడకపోతే ఇంకొకరు చూస్తారు తల్లీ. చూడకూడదని కోరుకునేది మాస్టరు చేసే పనేనా?" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు.

అంతకు ముందు ఆ పాఠం విన్న పాత విద్యార్థులందరికీ సారు కార్డులు రాశారు. పెళ్ళిళ్ళలో, మంత్రాలయం బస్సులో, సంతలో ఎవరు ఎదురుపడినా ముందు ఆ సంగతి చెప్పి తర్వాతే కుశలం అడిగేవారు. విసుగొచ్చి మేము నవ్వుకునేవాళ్ళం. ఇంత చిన్న తప్పుకు ఇంత ప్రాయశ్చిత్తమా అనిపించేది. అది చిన్నది కాదని ఆయనకు తెలుసు.

బుధవారం ఎమ్మిగనూరులో అంత్యక్రియలు. నేతపేట సందు పట్టనంత జనం. మట్టి ఇచ్చి తిరిగి వస్తుంటే ఒకామె నా భుజం పట్టుకుంది. నెరిసిన జుట్టు, ఎండకు మాడిన ముఖం. టమాటా మార్కెట్టులో గంపలు ఎత్తే చేతులు. ఎస్తేరు! ముప్పై ఏళ్ళు దాటింది నేను చూసి. ఎట్లా తెలిసిందే అని అడిగాను. రుక్మిణమ్మ గారే ఫోను చేశారట. సారు ప్రతి ఉగాదికి పత్తికొండ వచ్చేవారట. ఆ సంగతి ఆయన నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

"మొదట్లో నాకు శానా కోపమే" అంది ఎస్తేరు. "ఒకసారి మొగం మీదనే అడిగినా. ఆ అబద్ధం ఇంగ రెండేండ్లు సెప్పింటే నేనూ పది పాసయ్యేదాన్ని కదా సార్, అని. ఏమన్నాడో తెల్సా? 'అవును తల్లీ, అయ్యేదానివి' అన్నాడు. ఇంగొక మాట అన్లే. కూసొని నీళ్ళు తాగి పాయె."

 తర్వాతిది కూడా ఆమే చెప్పింది. "మళ్ళా యేడు వచ్చినాడు. నాకు అప్పుడికి బిడ్డ పుట్టిండె. అది పెద్దదయినకాన్నుంచి సారు అడిగేది ఒకటే, బిడ్డ బడికి పోతాందా అని. ఆయప్ప నా కాడ అబద్ధమాడలే. నేనెట్ల ఆడేది? పోతాంది సార్ అని సెప్పాలంటే నిజంగా పంపియ్యాల. దాని కోసమనే పంపిచ్చినా. ఇప్పుడు కర్నూల్లో నర్సు. దాని బిడ్డ, నా మనవరాలు, నా కాడనే ఉంది, రెండో తరగతి." మళ్ళీ తనే, "ఈ ఉగాదికి ఎవరొచ్చి అడుగుతారే నన్ను?" అంది.

"నేనొస్తాను" అన్నాను. నిజంగానే అన్నాను, ఏటా పోవాలనే.

ఎస్తేరు నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. కోపం లేకుండా, ఉన్న మాట చెబుతున్నట్టు, "నువ్వడిగితే నేను అబద్ధం సెప్పేస్తానే తల్లీ" అంది.

ఆ మాటతో, మట్టి ఇచ్చేటప్పుడు కూడా రాని ఏడుపు నాకు వచ్చింది. ఈరన్న సారు స్థానం ఎవరితో నిండుతుందని అడిగేవారికి ఇంతకన్నా నేను చెప్పగలిగింది లేదు. ఆ మహనీయునికి నా సాష్టాంగ నమస్కారం.